గుడ్డు మానిన బేకరీ, గోధుమ మానిన స్కోన్

అనంతపురం మొదలుకొని హైదరాబాదు దాకా ఏ ఊళ్ళో బస్టాండు చుట్టుపక్కల తిరిగినా ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ అన్న బోర్డు ఎక్కడో ఒకచోట కంటబడుతుంది. ఆ బోర్డు ఒకప్పుడు కొనేవాళ్ళకు ఇచ్చిన హామీ ఒక్కటే: లోపల గుడ్డు తగలదు. ఉన్న సరుకు గొప్పతనం చెప్పి అమ్ముకోవడం ఏ బజారులోనైనా మామూలే. ఫలానాది లేదని చెప్పి, ఆ లేకపోవడాన్నే పేరుగా మార్చుకుని వందేళ్ళకు పైగా వ్యాపారం నడపడం మాత్రం అరుదు. ఈ మధ్య అదే బెంగళూరులో ఇళ్ళల్లోని చిన్న ఓవెన్లలో మైదా, వెన్న, పాలు లేకుండా నారింజ తొక్క తురుము వేసి, టీతో తినే చిన్న రొట్టెలైన స్కోన్లు చేసుకుంటున్నారు. ఇది అమెరికా నుంచి దిగిన తాజా మోజు అనీ, ఐటీ జీతాలతో వచ్చిన విలాసం అనీ కొట్టిపారేయడం తేలిక. ఆ ఊరి బేకింగ్ చరిత్రను వరసగా పెట్టి చూస్తే కథ వేరుగా ఉంటుంది. ఒక దినుసును వద్దనుకోవడం, దాని పనిని మరోదానికి అప్పగించడం బెంగళూరు పొయ్యికి మొదటి నుంచీ ఉన్న అలవాటు. గోధుమలోని జిగురు మాంసకృత్తు గ్లూటెన్, పాలు లేని స్కోన్ ఆ వరసలో కొత్తగా చేరింది, అంతే. ఆ చరిత్రలోనే ఈ కొత్త వంటను తూచే తూకంరాళ్ళూ దొరుకుతాయి.

బెంగళూరుకు ఓవెన్ సైన్యంతో పాటు వచ్చింది. 1799లో టిప్పు సుల్తాన్ పడిపోయాక శ్రీరంగపట్నంలో దిగిన బ్రిటిష్ పటాలాలకు అక్కడి జ్వరాలు పడలేదు. 1809లో దండును సముద్రమట్టానికి 900 మీటర్ల పైన చల్లగా ఉండే బెంగళూరుకు తరలించారు. అప్పటి నుంచి ఊరు రెండుగా బతికింది. పడమట కెంపేగౌడ కట్టిన పేట, తూర్పున దండు. 1881లో మైసూరు రాజ్యాన్ని ఒడయార్లకు తిరిగి అప్పగించినప్పుడు కూడా దండు ప్రాంతం బ్రిటిష్ పాలనలోనే ఉండిపోయింది. రెండు మునిసిపాలిటీలు ఒక్కటైంది 1949లో. దండులో సిపాయికి రొట్టె, దొరసానికి టీతో కేకు కావాలి. దానికి గోధుమపిండి, వెన్న, గుడ్లు, పొంగడానికి కల్లు కావాలి. దక్షిణాదిన ఈస్టు డబ్బాలు రాకముందు రొట్టెను పొంగించింది చాలాచోట్ల తాటి, ఈత కల్లే. పేటలో మాత్రం రాగిసంకటి, అన్నం, జొన్నరొట్టె. అక్కడి పొయ్యి మీద ఉడికించేవారు, ఆవిరి పట్టేవారు, పెనం మీద కాల్చేవారు; నాలుగు పక్కలా వేడి తగిలే భట్టీ ఇంటి వంటలో లేదు. ఫ్రేజర్ టౌన్‌లో 1902 నాటి ఆల్బర్ట్ బేకరీ లాంటివి దండు రుచికి వారసులు. ఆ రుచి పేటలోకి రావాలంటే గుడ్డు, కల్లు అనే రెండు అడ్డుగోడలు దాటాలి.

ఆ గోడలు దాటించినవారు హాసన్ జిల్లా పల్లెల నుంచి వచ్చిన అయ్యంగార్లు. చిక్కపేటలో హెచ్.ఎస్. తిరుమలాచార్ 1898లో పెట్టిన బి.బి. బేకరీ ఈ కోవలో మొదటిదనీ, మిఠాయి అంగడి నడుపుతున్న ఆయనకు ఒక ఇంగ్లీషు దొర బేకింగ్ నేర్పాడనీ చెప్పుకుంటారు. నేర్పినవాడు ఎవరైనా, నేర్చుకున్నవారు ఉన్నదున్నట్టు దించలేదన్నది ముఖ్యం. గుడ్డు తీసేశారు. ఆ స్థానంలో పాలు, పెరుగు, సోడా పెట్టారు. అంతటితో ఆగక బన్నులో ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర వేసి ఖారా బన్ చేశారు. కొబ్బరి, టూటీఫ్రూటీ కూరి దిల్‌పసంద్ చేశారు. 1953 నాటి విశ్వేశ్వరపురం వి.బి. బేకరీ ముందు సాయంత్రం నిలబడే జనంలో గుడ్డు తినేవాళ్ళూ తిననివాళ్ళూ కలిసే ఉంటారు. మొదట ఒక కట్టుబాటు కోసం చేసిన మార్పు, ఆ కట్టుబాటుతో పనిలేనివాళ్ళకు కూడా ఇష్టమైన రుచిగా స్థిరపడింది. ‘గుడ్డు లేని కేకు’ అని జాలిపడుతూ ఎవరూ కొనలేదు, అది బాగుంది కాబట్టి కొన్నారు. ఏ మినహాయింపు వంటకైనా గెలుపు ఇదే.

ఇలా గెలవడానికి ఒక పద్ధతి ఉంది. బేకింగులో ప్రతి దినుసుకూ రుచికి మించిన పని ఉంటుంది. గుడ్డు పిండిని పట్టి ఉంచుతుంది, గాలిని నిలుపుతుంది, తేమనిస్తుంది. దాన్ని ఊరికే తీసేస్తే కేకు పొడిపొడిగా రాలిపోతుంది. ఆ మూడు పనులు చేసేవాళ్ళను వేరే వెతికితే కేకు నిలబడుతుంది. బెంగళూరు వంటవాళ్ళు ఈ సూత్రాన్ని బేకరీ బయట కూడా వాడారు. 1924లో మయ్య సోదరులు లాల్‌బాగ్ దగ్గర మొదలుపెట్టి, తర్వాత మావళ్ళి టిఫిన్ రూమ్స్‌గా పేరుపొందిన ఎంటీఆర్‌లో రెండో ప్రపంచ యుద్ధకాలపు బియ్యం కరువులో రవ్వ ఇడ్లీ పుట్టిందని ఆ సంస్థ చెబుతుంది. 1942లో బర్మా జపాను చేతికి పోవడంతో అక్కడి బియ్యం ఆగిపోయిన రోజులవి. బియ్యం, మినప్పప్పు, రాత్రంతా పులియడం అన్నీ పోయాయి. గోధుమరవ్వ, పెరుగు, సోడా ఆ పనులు అందుకున్నాయి. ఇడ్లీ రూపం నిలిచింది, గింజ మారింది. నేటి స్కోన్‌లో జరుగుతున్నది దీనికి అద్దంలో ప్రతిబింబం: అప్పుడు బియ్యం పోయి గోధుమ వచ్చింది, ఇప్పుడు గోధుమ పోయి బియ్యమూ రాగులూ వస్తున్నాయి. గోధుమే బేకింగుకు పునాది అనుకోవడం కూడా దక్షిణాదిన మరీ పాత సంగతేమీ కాదు. 1950ల నుంచి పి.ఎల్. 480 అనే ఆహార సాయం కింద ఓడల్లో వచ్చిన అమెరికా గోధుమ, 1965లో ప్రభుత్వం పెట్టిన మోడరన్ బేకరీస్ కలిసి రొట్టెముక్కను అన్నం తినే ఇళ్ళల్లో రోజువారీ వస్తువుగా చేశాయి.

పాల విషయంలో చరిత్ర ఇంకా చిత్రంగా ఉంది. దండు బేకింగ్ అంతా వెన్న చుట్టూ తిరిగింది. నీలగిరి కొండల్లో ముత్తుసామి మొదలియార్ 1905లో ఒక ఇంగ్లీషువాడి వెన్న వ్యాపారం కొని మొదలుపెట్టిన నీలగిరి డెయిరీ ఫామ్, 1936లో బ్రిగేడ్ రోడ్డుకు వచ్చి, పాలతో పాటు బేకరీ సరుకుకూ పేరు తెచ్చుకోవడం అందుకే సహజంగా కనిపిస్తుంది. ఆ మరుసటి ఏడాదే, అంటే 1937లో, దేశంలో డాల్డా అమ్మకానికి వచ్చింది. వెన్న ఖరీదు మోయలేని చిన్న బేకరీలు వనస్పతి వైపు మళ్ళాయి. బిస్కట్టు పేరులో బెణ్ణె (కన్నడంలో వెన్న) అలాగే ఉండిపోయింది, పిండిలో మాత్రం తరచుగా వనస్పతి కలిసింది. కాబట్టి వెన్న తీసేయడం ఈ తరం వీగన్లు కనిపెట్టిన వింత అనడానికి లేదు. బజారు ఆ పని ఎనభై ఏళ్ళ కిందటే చేసింది. చేసిన తీరే బాగాలేదు. గట్టి కొవ్వు చేసే పని వనస్పతి చక్కగా చేసింది కానీ, దానిలోని ట్రాన్స్‌ఫ్యాట్ గుండెకు చేటు అని తేలడానికి దశాబ్దాలు పట్టింది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి కట్టడి చేసింది. ఒకదాన్ని తీసేశామన్న సంతోషంలో, దాని బదులు ఏం పెట్టామో చూడకపోతే జరిగే నష్టానికి ఇదే రుజువు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. గోధుమ, వెన్న రెండూ లేకపోతే అది స్కోన్ ఎలా అవుతుంది? పేరు అరువు తెచ్చుకున్న మరేదో రొట్టె అనాలి కదా? స్కోన్ పుట్టుకను చూస్తే ఈ వాదన నిలవదు. స్కాట్లాండులో అది మొదట ఓట్స్, బార్లీ పిండితో పెనం మీద కాల్చిన బిళ్ళ. తెల్లటి మైదాతో, ఓవెన్లో ఎత్తుగా పొంగే నేటి రూపం బేకింగ్ పౌడర్ వచ్చాక స్థిరపడింది. ఆ పౌడర్ పుట్టుక ఈ వ్యాసానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్య ఎలిజబెత్‌కు గుడ్లు పడవు, ఈస్టూ పడదు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్‌ను, 1843లో ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడర్‌ను తయారుచేశాడు. మన ఇళ్ళల్లో పండ్లముక్కల మీద పోసుకునే కస్టర్డు, టీతో తినే స్కోన్‌ను పొంగించే పొడి, రెండూ ఒక మనిషికి ఒంటికి పడని దినుసుల్ని తప్పించబోయి పుట్టినవే. అంటే ‘అసలు’ స్కోన్ అని మనం గౌరవించేది కూడా ఒకనాటి మినహాయింపు మీదే పొంగింది. అలాంటి వంటకు మరో మినహాయింపు తగలగానే శీలం పోయిందనడం న్యాయం కాదు.

పైగా ఓవెన్లో చేసేవాటిలో గ్లూటెన్ తీసివేతకు స్కోన్ అంత అనువైనది తక్కువ. బ్రెడ్డుకు గ్లూటెన్ ప్రాణం. పిండి పిసికినకొద్దీ అది సాగే వలలా అల్లుకుని గాలిని పట్టుకుంటుంది. స్కోన్‌కు అదే శత్రువు. పిండిని ఎక్కువ కలపొద్దని, పిసకొద్దని ఇంగ్లీషు వంటవాళ్ళు చెప్పేది గ్లూటెన్ బిగుసుకోకుండా ఉండాలనే. గోధుమతో చేసేటప్పుడు అదుపులో పెట్టాల్సినదాన్ని మనం ముందే పక్కన పెడుతున్నాం. మిగిలేది అంటిపెట్టుకునే గుణం ఎక్కడి నుంచి తేవాలన్న చిక్కు. దానికి జవాబు తెలుగు, కన్నడ ఇళ్ళల్లో ఎప్పుడో ఉంది. జొన్నరొట్టెకు పిండిని మరిగే నీళ్ళతో కలుపుతారు. వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగురవుతుంది, రొట్టె చిట్లకుండా తట్టవస్తుంది. రాగిపిండి, బియ్యప్పిండి కలిపిన స్కోన్‌లో కొంత పిండిని అలా ఉడకబెట్టి కలిపినా, ఇసబ్గోలు పొట్టు ఒక చెంచాడు నానబెట్టి వేసినా అదే పని జరుగుతుంది. బియ్యప్పిండి నీళ్ళను నిదానంగా పీలుస్తుంది కాబట్టి కాల్చేముందు అరగంట ఆగితే నోట్లో ఇసుకలా తగలదు. వెన్న బదులు కొబ్బరినూనె వాడుకోవచ్చు. అది సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బెంగళూరు శీతాకాలంలో సీసాలోనే పేరుకుని, పిండిలో పలుకుల్లా నలపడానికి వీలుగా ఉంటుంది. ఎండాకాలంలో కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

ఇందులో నారింజ, నిమ్మ అలంకారం కోసం వచ్చాయనుకుంటే పొరపాటు. పాత పద్ధతి స్కోన్‌లో మజ్జిగ రెండు పనులు చేసేది: దాని పులుపు సోడాతో కలిసి బొగ్గుపులుసు వాయువును పుట్టించి పిండిని పొంగించేది, దాని కమ్మదనం మైదా చప్పదనాన్ని కప్పేది. పాలు మానితే రెండూ పోతాయి. కొబ్బరిపాలలో నిమ్మరసం పిండితే పులుపు తిరిగి వస్తుంది. తొక్క పైపొరను సన్నగా తురిమి చక్కెరతో నలిపితే అందులోని తైలం బయటికొచ్చి రాగిపిండి మట్టివాసనకు జోడవుతుంది. అడుగున ఉండే తెల్లటి పొర చేదు, దాన్ని తాకకూడదు. ఈ పండ్లను ఎక్కడి నుంచో తేనక్కరలేదు. కొడగు కాఫీతోటల నీడలో పెరిగే కమలాలకు, విమానాశ్రయం పక్కనున్న దేవనహళ్ళి చకోతకు భౌగోళిక గుర్తింపు ఉంది. మనం పంపరపనస అనే ఈ చకోత తోటలు 2008లో విమానాశ్రయం వచ్చి భూముల ధరలు పెరిగాక బాగా తరిగిపోయాయి. సరిహద్దు ఇవతల అనంతపురం బత్తాయి ఉండనే ఉంది. ఊరి చుట్టూ పండేవాటిని ఊరి ఓవెన్లోకి తేవడానికి ఈ స్కోన్ ఒక దారి తెరుస్తుంది. మైదా, వెన్నల పాత స్కోన్‌కు ఆ అవసరమే పడలేదు.

రెండో అభ్యంతరం గట్టిది. దక్షిణాదిన గ్లూటెన్ పడనివాళ్ళు ఎందరు? గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధిని గోధుమతో ముడిపెట్టింది డచ్చి పిల్లల వైద్యుడు విల్లెం డికె. 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని రోజులు ఆయన అనుమానానికి బలమిచ్చాయి, 1950లో ఆయన తన పరిశోధన వ్యాసాన్ని సమర్పించాడు. మన దేశంలో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఈ వ్యాధి ఉత్తరాదిన 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిన 0.10 శాతం కనిపించింది. అంటే వెయ్యిలో ఒకరు. ఇంత తక్కువమంది కోసం ఇంత హడావిడి ఎందుకని అడగడం సబబే. అయితే బెంగళూరు ఒక్క దక్షిణాది ఊరు కాదు, పంజాబు నుంచీ అస్సాం నుంచీ వచ్చి స్థిరపడినవారి ఊరు కూడా. అదీగాక ఆ వెయ్యిలో ఒకరికి గ్లూటెన్ మానడమే చికిత్స. పాల విషయానికొస్తే లెక్క తిరగబడుతుంది: 1981 నాటి ఒక అధ్యయనంలో లాక్టోజు అరగనివారు ఢిల్లీలో 27 శాతం ఉంటే, తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాల్లో 66 శాతానికి పైగా తేలారు. ఇక్కడా జాగ్రత్తగా మాట్లాడాలి. వెన్నలో లాక్టోజు బహు స్వల్పం, అది అరగనివారిలో చాలామంది వెన్నను తట్టుకోగలరు. పాల మాంసకృత్తులు పడనివారికి మాత్రం వెన్న కూడా ముప్పే. ఏ జబ్బూ లేకుండా కేవలం మోజుతో గోధుమ మానేవాళ్ళను సమర్థించాల్సిన పని ఈ వ్యాసానికి లేదు. అయ్యంగార్ బేకరీ చరిత్రలో కూడా కట్టుబాటు ఉన్నవారు కొందరే, రుచి చూసినవారు లక్షలమంది.

మూడో అభ్యంతరం పోల్చడం గురించే. గుడ్డు లేని బేకరీ కులపు మడి నుంచి వచ్చింది, గ్లూటెన్ లేని స్కోన్ వైద్యం నుంచి వచ్చింది. ఒకటి మనుషుల్ని దూరం పెట్టిన ఆలోచన, రెండోది రోగిని పంక్తిలో కూర్చోబెట్టే ఆలోచన. రెంటినీ ఒకే గాటన కట్టవచ్చా? కారణాల్లో ఉన్న ఈ తేడాను దాచడానికి లేదు. మడి పేరుతో జరిగిన వెలివేతలను వంట నైపుణ్యం మాఫీ చేయదు. పద్ధతిలో మాత్రం రెండూ దగ్గరివే. ‘ఈ కప్పు కింద గుడ్డు ఉండదు’ అన్న కచ్చితత్వమే అయ్యంగార్ బేకరీకి నమ్మకం తెచ్చింది. సీలియాక్ రోగికి కావలసిందీ అదే: వేరే జల్లెడ, వేరే గిన్నె, మైదా ధూళి సోకని బల్ల. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే ‘గ్లూటెన్ లేనిది’ అని అమ్మకూడదని మన నిబంధనలూ అంతర్జాతీయ ప్రమాణాలూ చెబుతున్నాయి. గోధుమ ఆడించిన మిల్లులోనే రాగులు పట్టించి తెస్తే, ఓట్స్ డబ్బా మీద ఏమీ చూడకుండా కొంటే ఆ గీత ఎప్పుడో దాటిపోతాం. మడిలో భయం స్థానంలో ఇక్కడ కొలత వచ్చింది. ఆ కొలత పాటించే క్రమశిక్షణ మాత్రం పేట వంటింటికి కొత్త కాదు.

చివరి ప్రశ్న ఆరోగ్యం, ఖరీదు గురించి. గ్లూటెన్ లేదన్నంత మాత్రాన మేలు అనుకోవడం వనస్పతి నాటి పొరపాటును మళ్ళీ చేయడమే. మైదా తీసి ఆ చోట మొక్కజొన్న గంజిపొడి, సగ్గుబియ్యం పిండి, రెట్టింపు చక్కెర పోస్తే మిగిలేది పోషకాలు లేని తీపి ముద్ద. ఖరీదైన దిగుమతి బాదంపిండితో చేస్తే అది కొందరి టీబల్ల దగ్గరే ఆగిపోతుంది. రాగి ఈ రెంటికీ సమాధానం. పాలు మానినప్పుడు పోయేది ముఖ్యంగా కాల్షియం. వంద గ్రాముల రాగుల్లో అది 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూపుతాయి. ఒంటికి అందేది అంతకన్నా తక్కువే అయినా, ఏ ఇతర ధాన్యమూ దాని దరిదాపుల్లో లేదు. ఈ గింజ ఈ నేల మీద ఊరికే నిలవలేదు. ‘రాగి బ్రహ్మ’గా పేరుపొందిన లక్ష్మణయ్య భారత, ఆఫ్రికా రకాలను సంకరపరచి ఇండాఫ్ వంగడాలు ఇవ్వడంతో కర్ణాటక మెట్టపొలాల్లో దిగుబడి పెరిగింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు పట్టణాలు రాగిని కొత్తగా కనుగొన్నట్టు మాట్లాడాయి. బెంగళూరు చుట్టుపక్కల పల్లెలకు అది రోజూ తినే ముద్ద.

ఇన్ని సాక్ష్యాల మధ్య తేలే తీర్పు ఒకటే. బెంగళూరులో మినహాయింపు వంటలు నిలిచినచోటల్లా మూడు షరతులు నెరవేరాయి: తీసివేతకు నికరమైన కారణం ఉంది, తీసేసిన దినుసు పనిని స్థానికంగా దొరికే మరో దినుసు అందుకుంది, కారణంతో సంబంధం లేనివారికి కూడా రుచి నచ్చింది. గుడ్డు లేని బన్ను, రవ్వ ఇడ్లీ ఈ మూడింటా గెలిచాయి. వనస్పతి బిస్కట్టు కారణంలోనూ రుచిలోనూ నెగ్గి, బదులు పెట్టిన దినుసు దగ్గర ఓడింది. గ్లూటెన్, పాలు లేని నారింజ స్కోన్‌కు మొదటి షరతు ఇప్పటికే నెరవేరింది. రాగి, బియ్యం, కొబ్బరి, చకోత, కమలాలతో చేసేవాళ్ళు రెండోదాన్ని దాటుతున్నారు; డబ్బా కలపొడుల మీద ఆధారపడేవాళ్ళు దాటడం లేదు. మూడోది బజారు చెప్పాలి. ఏ డాక్టరూ ఏమీ మానమని చెప్పని మనిషి, పక్క ప్లేటులో మైదా స్కోన్ ఉండగా దీన్నే ఇంకొకటి అడిగి తీసుకున్న రోజున ఇది కూడా బెంగళూరు బేకరీ సరుకు జాబితాలో చేరినట్టు లెక్క.